బూదన్న పెట్టుకున్న ప్లీడరు

అడవి అయిపోయి చేలు ఇంకా మొదలవని చోట ఒక మెట్ట ఉంది. చేలో పని తీరిపోయిన గొడ్లు, అడవిలో చోటు దొరకని జంతువులు అక్కడే ఎలాగో సర్దుకుని బతుకుతుంటాయి. బూదన్న, పుల్లన్న అనే రెండెడ్లు కూడా అలా వచ్చినవే. ఒకే కాడి కింద మెడలు కాయలు కాచిన జోడు. బూదన్నది బూడిద రంగు. నెమ్మదస్తుడు, ఎవరేం చెప్పినా తలూపే రకం. పుల్లన్నకు ఒంటినిండా ఎర్రమచ్చలు, ఒంటికి మించిన నోరు.

వాళ్ళ ఆసామి ట్రాక్టరు కొన్నాడు. మరీ చెడ్డవాడేం కాదు. ఎడ్లను సంతకు తోలకుండా వదిలేశాడు, వాటి మేతకని వేసిన గడ్డివామును కూడా వాటికే విడిచాడు. ఎద్దుకు గడ్డివాము అంటే మనకు పింఛను లాంటిదన్నమాట. అది ఉన్నంతకాలం ఎవరి ముందూ తలవంచక్కర్లేదు.

చిక్కల్లా పుల్లన్న కాలితో వచ్చింది. ముందుకాలి గిట్ట నిలువునా చీలింది. ఎండాకాలం ఎలాగో కుంటుకుంటూ గడిచింది. వానలు పడి మెట్టంతా బురదైతే ఆ చీలికలో బురద చేరుతుంది, చీము పడుతుంది, ఇక లేవడం ఉండదు. అందుకని తొలకరి లోపల వాళ్ళకు ఒక గట్టి నేల కావాలి. దగ్గర్లో నీళ్ళుండాలి, కాలు కదపకుండా మేత అందాలి.

"ఒరే బూదా, ఊరికే ఆకాశంకేసి చూస్తావేం? మబ్బు నీకోసం ఆగుతుందా?" అన్నాడు పుల్లన్న.

"వెతుకుతూనే ఉన్నాను కదరా. కాళ్ళు లాగేస్తున్నాయి."

"నా కాలు లాగడం కూడా మానేసింది. తొందరగా వెతుకు."

మెట్టలో చోట్లు చూపించేవాడు నక్క ఒక్కడే. బొరియ కావాలన్నా, గుహ కావాలన్నా, మధ్యాహ్నం నీడ కావాలన్నా అతని దగ్గరికే వెళ్ళాలి. బూదన్న వెళ్ళాడు.

"రా రా పెద్దాయనా! నీకోసమే ఒక చోటు అట్టే పెట్టాను. వస్తావా, చూపిస్తాను" అని నక్క అతన్ని ఒక పెద్ద బండరాయి మీదికి ఎక్కించాడు. ఆయాసపడుతూ ఎక్కి కిందికి చూశాడు బూదన్న. మూడు వైపులా నిలువు బండలు, మధ్యలో దొప్పలా పచ్చటి బీడు. ఒక మూల సన్నటి ఊట. నేల గట్టిగా, వాలుగా ఉంది. ఎంత వాన పడినా నీరు నిలవదు.

బూదన్న బండ అంచుదాకా జరిగాడు. "దిగి చూద్దామా?"

"చూడొచ్చు. కానీ గడ్డి ఇప్పుడిప్పుడే మొలకెత్తుతోంది. నీ అంత బరువు దాని మీద పడితే..." నక్క మాట మధ్యలో ఆపేశాడు.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మొలకెత్తిన చేలో కాలు పెట్టకూడదని ములుకోలతో పొడిచి నేర్పితే నేర్చుకున్న ప్రాణం అది. ఇంకే జంతువైనా దిగి చూసేది. ఎద్దు మాత్రం దిగదు. "వద్దులే, వద్దులే. ఇక్కణ్ణించే కనబడుతోందిగా" అన్నాడు బూదన్న.

దానికి నక్క అడిగింది గడ్డివాము మొత్తం. ఆ మెట్టలో వరిగడ్డే డబ్బు.

ఇంటికొచ్చి చెబితే పుల్లన్న నెమరు ఆపాడు. "మొత్తం ఇచ్చేద్దాం సరే. కానీ ముందు ఒక ప్లీడర్ని పెట్టుకో. నువ్వు తలూపడం తప్ప ఇంకోటి ఎరగవు. నక్క నీకు ఆకాశాన్ని అమ్మినా మేయడానికి బాగుంటుందంటావు."

ప్లీడర్లు రెండు రకాలు. కథకు ఇది ముఖ్యం, కాస్త నిదానంగా చదవండి. తగువు వచ్చాక గెలిపించేవాళ్ళు ఒక రకం. తగువు రాకుండా ముందే చూసేవాళ్ళు ఇంకో రకం. మొదటివాళ్ళ పేరు ఊరంతా మోగుతుంది. రెండోవాళ్ళు పని సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే దాని గురించి ఎవరు చెప్పుకుంటారు? అందుకని వాళ్ళ పేరు ఎవరికీ తెలియదు.

ఆ మెట్టలో మొదటి రకం పుంజు. రెండో రకం ఒక ముసలి ఉడుము.

ఉడుము ఇల్లు దగ్గర కాబట్టి బూదన్న ముందు అక్కడికే వెళ్ళాడు. ఆవిడ రాతిసందులో పొట్ట ఆనించి పడుకుని ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి గానీ వింటోంది.

"ఆ బీడులో నీకంటే ముందు ఎవరుండేవారు?"

"తెలియదమ్మా."

"ఎందుకు వదిలి వెళ్ళారు?"

"నక్కనడిగితే చెబుతాడేమో."

"అమ్మేవాణ్ణి అడిగితే అమ్మేవాడి మాటే చెబుతాడు. ఊట నీళ్ళు తాగడానికి పనికొస్తాయా? హద్దు బండ కింద ఎవరి బొరియలున్నాయి? వాళ్ళు నిన్ను ఉండనిస్తారా?"

"ఏమో తల్లీ!" అని మొత్తుకున్నాడు బూదన్న. "నేను జవాబుల కోసం వచ్చాను. నువ్వు ప్రశ్నలు ఎత్తి నా మెడకు కడుతున్నావు."

"జవాబులు నేను వెళ్ళి చూసుకుని వచ్చి చెబుతాను. నా నడక నీకు తెలుసుగా, కొంచెం ఆలస్యమవుతుంది. అందాకా ఎవరికీ మాటివ్వకు."

బూదన్న తలూపి బయటికొచ్చాడు. తల బరువెక్కింది. చేలో పనిచేసినంతకాలం ఎవరో అదిలిస్తే నడిచాడు, ఎవరో ఆపితే ఆగాడు. ఇన్ని సంగతులు తనే ఆలోచించాలంటే కాడి మోయడమే నయమనిపించింది.

దారిలో నక్క ఎదురుపడ్డాడు. "ప్లీడర్ని వెతుకుతున్నావట? మంచిదే. ఎవర్నైనా పెట్టుకో. ఆ పుంజును మాత్రం పెట్టుకోకు పెద్దాయనా, నీకు పుణ్యముంటుంది. పోయినేడు ఒక్క వాదనతో నా గుహ లాగేశాడు. అతను లేచి నిలబడితే నాకు నోట మాట రాదు."

ఇలాంటి మాట విన్నాక ఎవరైనా ఏం చేస్తారో బూదన్నా అదే చేశాడు. తిన్నగా పుంజు దగ్గరికి పోయాడు.

పుంజు దిబ్బ మీద నిలబడి ఉన్నాడు. చుట్టూ పెట్టలు, వాటి చుట్టూ పిల్లలు.

"ఎవరూ, బూదన్నా? రావయ్యా! నక్క మీదా? నక్క మీదైతే పిలవకపోయినా వస్తాను! కుందేళ్ళ గట్టు తగువు ఎవరు గెలిపించారు? నేను. ముంగిసల బొరియ తగువు? నేనే. నేను నోరు తెరిస్తే సూర్యుడంతటివాడు లేచి రావాల్సిందే, నక్క ఎంత?"

"ఇది తగువు కాదండీ. బీడు కొనుక్కుంటున్నాం. ఏమైనా చూడాలేమోనని..."

"చూసేదేముంది! నేను పక్కన నిలబడితే చాలు. వాడే చూసుకుంటాడు భయపడి."

ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బూదన్న ప్రాణం లేచి వచ్చింది.

ఇంటికొచ్చి చెబితే పుల్లన్న అడిగాడు: "ఒరే, నక్క తిరిగే చోట ఆ పుంజు ఇన్నాళ్ళు ఈకలతో సహా ఎలా బతికున్నాడంటావు?"

"వాదనకు భయపడి."

"నక్క వాదన వింటాడా, వాసన చూస్తాడా?"

"నీకన్నీ అనుమానాలే. ఉడుమమ్మ దగ్గరికి నువ్వే వెళ్ళాల్సింది, ఇద్దరికీ బాగా కుదిరేది."

"వెళ్ళేవాణ్ణే, కాలుంటే" అన్నాడు పుల్లన్న. పడమట ఉరుము వినబడింది.

ముహూర్తం పుంజే పెట్టాడు. పొద్దున్నే మంచి ఘడియ చూసుకుని బయల్దేరారు. ముందు పుంజు, వెనక బూదన్న, బాగా వెనక పుల్లన్న. నాలుగు అడుగులు వేశారో లేదో, రాళ్ళ మధ్యనుంచి ఉడుము అడ్డంగా వచ్చింది. ఒళ్ళంతా దుమ్ము. ఎక్కడెక్కడో పాకి వచ్చినట్టుంది.

"బూదన్నా, ఆగు. ఎక్కడికి? లోపలికి ఎటునుంచి..."

బూదన్న కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. శుభమా అని బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడగడమా! చిన్న పిల్లలకు కూడా తెలుసు అలా అడక్కూడదని. ఉడుము ఎదురు రావడమే ఒక ఎత్తు, పైగా ఆ మాట!

"అపశకునం! అపశకునం!" అని పుంజు రెక్కలు టపటపా కొట్టి కూయడం మొదలుపెట్టాడు. ఆ కూతలో ఉడుము ఏమందో ఎవరికీ వినబడలేదు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. నాకు ప్లీడరు దొరికాడు. నువ్వింక నా జోలికి రాకు" అన్నాడు బూదన్న. అంత గట్టిగా మాట్లాడటం అతనికి పుట్టాక అదే మొదలు. ఇంటికి తిరిగి వెళ్ళి, కాసేపు కూర్చుని, ఇన్ని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు.

"ఆవిడేదో అడగబోయిందిరా" అన్నాడు పుల్లన్న వెనకనుంచి.

"అడగనీ, తరవాత చూద్దాం."

ఉడుము పట్టుకుంటే వదలదంటారు. నిజమే. కానీ పట్టుకోవడానికి ముందు ఎవరో ఒకరు తన వైపు నిలబడమని అడగాలి. వద్దన్నవాడి తరఫున ఏ ప్లీడరైనా ఏం పట్టుకుంటుంది? ఆవిడ దుమ్ము దులుపుకుని రాతిసందులోకి వెళ్ళిపోయింది.

బేరం బండరాయి మీద జరిగింది. నక్క హద్దులు చెప్పాడు. తూర్పున బండ, ఉత్తరాన బండ, పడమట బండ, దక్షిణాన అడవిపంది డొంక. బీడంతా ఎడ్లది. "ఆ మూలనున్న రేగుచెట్టు కాయలు మాత్రం నావి" అన్నాడు చివర్లో.

పుంజు ఎగిరి నక్క ముక్కు ముందు వాలాడు. "ఏమన్నావ్? నేల ఎవరిదైతే చెట్టు వారిది! చెట్టు ఎవరిదైతే కాయ వారిది!"

"మా తాత నాటిన చెట్టు బాబూ..."

"నక్క ఎక్కడైనా చెట్టు నాటుతుందా? సాక్షి ఎవడు? పిలువు!"

ఎండ నెత్తి మీదికొచ్చేదాకా వాదన సాగింది. పుంజు జుట్టు నిక్కబొడుచుకుంది. నక్క చెవులు వేలాడేశాడు, కళ్ళు తుడుచుకున్నాడు, ఆఖరికి చేతులెత్తేశాడు. "తీసుకోండి, కాయలూ మీవే. ఇతన్ని పెట్టుకోవద్దని ముందే మొత్తుకున్నానా లేదా!"

బూదన్నకు ఆనందంతో ఒళ్ళు పులకరించింది. జన్మలో తన తరఫున ఎవరూ అంత గట్టిగా మాట్లాడలేదు. నక్క ముందే కలిపి తెచ్చిన తడిమట్టిలో గిట్ట అదిమి ముద్ర వేశాడు. ఎడ్లు రేగుపళ్ళు తినడం తక్కువని అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

సాయంత్రానికి గడ్డివాము వెళ్ళిపోయింది. మర్నాడు మొదటి చినుకు పడింది.

ఎడ్లు బండలు చుట్టి దక్షిణం వైపు నుంచి బీడులోకి పోబోతే డొంకకు అడ్డంగా అడవిపంది పడుకుని ఉంది. డొంక అంటే రెండు వైపులా ముళ్ళకంపతో మధ్యలో బండి పట్టేంత దారి. లోపలికి అదొక్కటే దారి.

"కాస్త జరుగుతారా? మా బీడుకు పోవాలి" అన్నాడు బూదన్న.

"బీడు మీదే. డొంక నాది" అంది పంది, లేవకుండానే. "మా ముత్తాత నాటి నుంచీ నాది. దాటాలంటే తలకో వరిగడ్డి మోపు. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి."

"గడ్డి అంతా నక్కకు ఇచ్చేశామండీ!"

"నీకు ముందు ఆ బీడు కొన్న దున్నపోతు కూడా అదే అన్నాడు. రోజూ ఇచ్చుకోలేక మళ్ళీ నక్కకే వదిలేసి పోయాడు. అంతకుముందు మేకలు కొన్నాయి. నక్కకు ఆ బీడు ఎన్నిసార్లు అమ్మినా తరగదు."

బూదన్న పరుగులాంటి నడకతో పుంజు దగ్గరికి వెళ్ళాడు. పుంజు ఈసారి దిబ్బ దిగలేదు, కూయనూ లేదు.

"హద్దుల సంగతి చూశాను, చెట్టు సంగతి చూశాను. దారి సంగతి నువ్వు అడిగావా?"

"అడగాలని నాకేం తెలుసండీ? తెలియకే కదా మిమ్మల్ని పెట్టుకున్నాను."

పుంజు కాలితో నేలను గీరాడు. "చూడు బూదన్నా. ఇంటినిండా పెట్టలు, పిల్లలు. నక్క రోజూ ఈ దిబ్బ పక్కనుంచే పోతాడు, వస్తాడు. తలతిప్పి చూడడు. ఊరికే చూడకుండా పోతాడనుకున్నావా?" తరవాత గొంతు తగ్గించి అన్నాడు: "నీ మీద నాకేం కోపం లేదయ్యా."

"నాకు తెలుసు" అన్నాడు బూదన్న. అతనికి తిట్టే ఓపిక కూడా లేకపోయింది.

పుల్లన్న అప్పటికే వానలో తడుస్తూ డొంక మొదట్లో కూలబడ్డాడు. చీలిన గిట్ట బురదలో దిగబడి ఉంది. బూదన్న ఉడుము ఇంటి ముందు తలవంచి నిలబడ్డాడు.

"దారి గురించే అడగబోయావు కదమ్మా."

"అవును. నేను బండ మీంచి దిగి లోపలికి వెళ్ళాను. నేను పాకగలను, నువ్వు పాకలేవు. ఎటునుంచి పోతావో కనుక్కుందామని పరిగెత్తుకొచ్చాను. నా పరుగు ఎంతలే."

"నా తరఫున నిలబడతావా?"

"ఇప్పుడు నిలబడటానికి పెద్దగా ఏం మిగల్లేదు నాయనా. నక్క నీతో అబద్ధం చెప్పలేదు. దక్షిణాన పంది డొంక అని నోటితో చెప్పే అమ్మాడు. పందీ అబద్ధం చెప్పడం లేదు, డొంక దానిదే. పంచాయితీకి పోతే నేను వదలను, పట్టుకుంటాను. అది తేలేసరికి పుల్లన్న కాలు ఉండదు. గిట్ట ముద్ర వేయకముందైతే ఒక్కమాటతో పోయేది. దారి రాసివ్వకపోతే బీడు వద్దని చెప్పి లేచి వచ్చేసేవాళ్ళం."

అయినా ఆవిడ వెళ్ళింది. వానలో, పంది ముఖానికి ఎదురుగా కూర్చుంది. పంది అరిచింది, గుర్రుమంది, కోరలు చూపించింది. ఉడుము అన్నిటికీ ఒకటే మాట: "వాళ్ళ దగ్గర గడ్డి లేదు. లేనిది అడిగితే నీకూ రాదు. ఉన్నది అడుగు."

పొద్దువాలేటప్పటికి పంది విసిగిపోయింది. ఎడ్ల మెడల్లో ఇత్తడి గంటలున్నాయి, ఒక్కొక్కరికి ఒక్కటి. మొదటిసారి కాడి కట్టిన రోజున ఆసామి పెళ్ళాం వాళ్ళ మెడలో వేసినవి. పంది వాటివైపు చూసింది. "ఆ గంటొకటి ఇస్తే ఒకరు ఒకసారి దాటొచ్చు. లోపలికో, బయటికో, వాళ్ళిష్టం."

ఉడుము వచ్చి ఆ సంగతి చెప్పింది. చెప్పి, తన పద్ధతి ప్రకారం ప్రశ్న కూడా అడిగింది. "ఒకసారి లోపలికి వెళితే బయటికి రావడానికి ఇచ్చేందుకు మీ దగ్గర ఇంకేమీ ఉండదు. ఆలోచించారా?"

బూదన్న పుల్లన్న వైపు చూశాడు.

"నాకు బయట ఏం పనిరా?" అన్నాడు పుల్లన్న. "నేను ఎప్పుడో ఆగిపోయాను. నీ సంగతి చెప్పు. నీ నాలుగు కాళ్ళూ బాగానే ఉన్నాయి. గంట దాచుకో. నన్ను పంపించి నువ్వు ఇక్కడే ఉండు."

"ఒంటెద్దుకు కాడి ఎవరు కడతారు?" అన్నాడు బూదన్న. మెడ వంచి ముందు తన గంటే ఇచ్చాడు.

బీడు బాగానే ఉంది. నేల గట్టిది, ఊట తియ్యటిది, గడ్డి మోకాలెత్తు పెరిగింది. పుల్లన్న గిట్ట మెల్లగా అతుక్కుంది. నక్క బీడు విషయంలో ఏ అబద్ధమూ చెప్పలేదని మరోసారి రుజువైంది.

మరుసటేడు ఏరువాక పున్నమి వచ్చింది. ఏటా ఆ రోజు చేలల్లో ఎడ్లను కడుగుతారు, కొమ్ములకు రంగులు పూస్తారు, మెడలో కొత్త తాళ్ళు కడతారు. పని మానేసిన ముసలి ఎడ్లను కూడా ఆ ఒక్కరోజుకు పిలుచుకుపోయి పొంగలి పెట్టడం ఆ ఊరి ఆచారం. పొద్దున్నే డప్పులు మోగాయి. ఆసామి గొంతు మెట్టంతా తిరిగింది.

"బూదా! పుల్లా! ఎక్కడున్నార్రా?"

బూదన్న లేచి డొంక దాకా వెళ్ళాడు. పంది కళ్ళు తెరిచి అతని బోసి మెడకేసి చూసింది, మళ్ళీ మూసుకుంది. బూదన్న అంబా అని ఒక కేక పెట్టాడు. అది బండలకు తగిలి తనకే తిరిగొచ్చింది. కాసేపటికి ఆసామి పిలుపు దూరమైంది, డప్పులూ దూరమయ్యాయి.

అతను వెనక్కి వచ్చి పుల్లన్న పక్కన పడుకున్నాడు.

"పొంగలి ఎలా ఉంటుందో గుర్తుందా?" అన్నాడు పుల్లన్న.

"బెల్లం ఎక్కువ వేసేది ఆయమ్మ" అన్నాడు బూదన్న. తరవాత ఇద్దరూ నెమరు వేస్తూ ఉండిపోయారు. తమ సొంత బీడులో, బందెలదొడ్డిలో పెట్టి తాళం వేసిన గొడ్లలాగా.

నీతి: నేల కొనేవాడు ప్లీడరు ఎంత గట్టిగా వాదిస్తాడని కాదు, కొనకముందు ఏమేం అడుగుతాడని చూసి పెట్టుకోవాలి.